అఱువది గడియల జమాఖర్చు

(గ్రంథాలయ రజతోత్సవ సభలో చదువబడిన యుపన్యాసము)



దినమునకు అఱువది గడియలు. గడియ యనగా ఇరువదినాలుగు నిమిషములు. రాజునకును పాలికాపునకును, భర్తకును భార్యకును దైవము జమ కట్టినది ఈ అఱువదియే. ధనమును వడ్డీకీయవచ్చును. ధాన్యమును గాదెలో పోసి మఱుసటి యేటికి నిలుపవచ్చును. గడియను మాత్రము రేపటికి నిలువ చూపుట ఎంతటి లెక్కగానికిని సాధ్యము కాదు. ప్రొద్దు క్రుంకులోపల మొత్తమంతయు ఖర్చు వ్రాయవలసినదే. ఒక్క కప్పు క్రింద కాపురముండు దంపతుల ఖర్చు పద్దులు రెండును ఒక్క తీరుగ నున్నవా? టెలివిజను, సెల్లుఫోను, గ్యాసుపొయ్యి, మిక్సీ, నీళ్ళ మోటారు ఇల్లు చేరిన పిదప ఆ పద్దులలో ఏమి మాఱినది? ఇదియే నేటి ప్రసంగ విషయము.

భారతము అరణ్యపర్వమున ద్రౌపదీ సత్యభామల సంవాదము కలదు. భర్తలు వశులైయుండుటకు మంత్రమో మందో చెప్పుమని సత్యభామ యడుగగా, ద్రౌపది ఆ మాట త్రోసిపుచ్చి తన దినచర్యను చెప్పినది. అందఱికంటె ముందు లేచుట, అందఱును పరుండిన పిదప పరుండుట, ఇల్లు శుభ్రముగ నుంచుట, భోజనవేళ తప్పకుండుట, పరిజనుల మంచిచెడ్డలు కనుగొనుట, వీనితోపాటు పాండవుల ఆదాయవ్యయములు తానొక్కతెయే యెఱుగుట. పురాణము వినువారు ఈ ఘట్టమున ఆమె పాతివ్రత్యమును మెచ్చుకొని లేచిపోవుదురు. లెక్కల కంటితో చదివినచో వేఱొకటి కానవచ్చును. ధర్మజునకు జూదమున్నది, అర్జునునకు తీర్థయాత్ర యున్నది, భీమునకు భోజనమే వినోదము. అంతటి ఇంటికి చిట్టా ఆవర్జాలు నడపిన యామె చెప్పిన పద్దులలో విరామమను పద్దే లేదు. సత్యభామయు అడుగలేదు.

ఏబది అఱువది యేండ్ల క్రిందటి శ్రీకాకుళము, విజయనగరము జిల్లాల పల్లెలో గృహిణి దినము ఇంతకంటె తేలిక కాదు. కోడి కూయక మునుపే కల్లాపి. బావినుండి నీరు తోడి బిందెలతో మోయవలెను. చోళ్ళు తిరగలిలో విసరి అంబలి కాచవలెను. వడ్లు దంపవలెను, చెఱుగవలెను. పిడకలు చఱచుట, పశువుల కుడితి, ఊడ్పుల కాలమున వంగిన నడుము ఎత్తకుండ మడిలో పని. పురుషునకును కాయకష్టము తక్కువ కాదు గాని, నాగలి విప్పిన పిదప వానికి రచ్చబండ యుండెను, అరుగుండెను, పండుకొన నులకమంచముండెను. ఆమె విరామమేది? మధ్యాహ్నమున పొరుగమ్మలతో కూర్చుండి చింతపండు పిక్కలు తీయుట. అది విరామమో పనియో ఆమెయే చెప్పలేదు. కావున పూర్వకాలము బంగారుకాలమని పొగడువారు ఒకసారి తిరగలి త్రిప్పిచూచిన పిమ్మట మాటలాడుట మేలు.

ఐనను ఆ కాలమున ఒక సదుపాయముండెను. గ్రామదేవత సంబరములకు తప్పెటగుళ్ళవారు వచ్చిరి. తూర్పు భాగవతులు వచ్చి తెల్లవాఱువఱకు సత్యభామ జడను వేసి ఆడిరి. జముకులకథవారు వచ్చిరి. అజ్జాడలో 1864లో పుట్టి, విజయనగరము సంగీత కళాశాలకు మొట్టమొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసు గారు 1945లో గతించినను, వారు నడపిన హరికథాబాణి ఈ ప్రాంతమున చాలకాలము నిలిచినది. ఆ రాత్రులయందు మగవారొక ప్రక్క, ఆడువారొక ప్రక్క కూర్చుండిరి. దంపతులు కలసి కూర్చున్నది లేదు. కాని వేకువను ఇల్లు చేరునప్పటికి ఇద్దఱి చెవులలోను ఉన్న కథ ఒక్కటే. ఆ పిమ్మట పదిదినములు మడిగట్టున, పొయ్యికడ, ఆ కథయే మాట. భాగవతుడు పాట తప్పినాడని ఆయన యనిన, జడ పట్టిన తీరు నీవు చూడలేదని ఆమె యనును. ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. తరువాతి కథ యంతయు దీని చుట్టును తిరుగునది.

రేడియో వచ్చినది. విశాఖపట్టణము ఆకాశవాణి కేంద్రము 1963 ఆగస్టులో ఆరంభమైన పిదప ఉత్తరాంధ్రపు యాసయు, పాటయు గాలిలో వినబడసాగినవి. పంచాయతీ రేడియో ఉన్న యూళ్ళలో దానిముందు కూర్చున్నది పురుషులు. పొయ్యిముందు కూర్చుండి దూరమునుండి విన్నది స్త్రీలు. టెలివిజను ఢిల్లీలో 1959 సెప్టెంబరులోనే పుట్టినను తెలుగునేలకు వచ్చుట ఆలస్యమైనది. 1975 ఆగస్టునుండి ఒక సంవత్సరముపాటు ఉపగ్రహముద్వారా ఆఱు రాష్ట్రముల రెండువేల నాలుగువందల పల్లెలకు బొమ్మలు పంపి చూచిరి. అందు ఆంధ్రప్రదేశమునకు చేరినది తెలంగాణపు, రాయలసీమపు పల్లెలకే గాని ఈ ప్రాంతమునకు గాదు. 1977 అక్టోబరులో హైదరాబాదు దూరదర్శన కేంద్రము వెలసినది. 1987 జనవరిలో రామాయణము ధారావాహికముగా ఆరంభమయ్యెను. ప్రసారము అందిన యూళ్ళలో టెలివిజను ఉన్న యింటివారి అరుగు ఆదివారమునాడు ఊరందఱిదియు నైనది. హిందీభాష ఎవ్వరికిని రాదు. కథ యెల్లరకును వచ్చును. గృహిణులు ఆనాడు వంట ముందుగానే దింపి వచ్చి కూర్చుండిరి. టెలివిజను ఊరికొక్కటిగా నున్నంతవఱకు అది తూర్పు భాగవతమునకు చుట్టమే. 1995లో తెలుగు ప్రైవేటు చానెళ్ళు వచ్చి, కేబులు తీగ వీధివీధికి ప్రాకిన పిదప అరుగు ఖాళీ యైనది. అయినను ఇంటిలోపల పెట్టె ఒక్కటియే కదా.

ఇక వంటయింటి వైపు చూడవలెను. బియ్యపుమర రోకలిని మాన్పినది. మోటారు చేదను మాన్పినది. గ్రైండరు రుబ్బురోలిని పెరటికి పంపినది. ఆనాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 1999లో దీపము పథకము క్రింద పొదుపు సంఘముల స్త్రీలకు గ్యాసు కనెక్షనులిచ్చినది. కేంద్రమువారి ఉజ్జ్వల 2016లో వచ్చినది. ఏటికి మూడు సిలిండరులు ఉచితముగా నిచ్చు దీపము రెండవ విడతను 2024 నవంబరు మొదటితేదీని ముఖ్యమంత్రి ఆరంభించినది ఇచ్ఛాపురము మండలము ఈదుపురములోనే. కట్టెలు చీల్చుట, ఊదుగొట్టముతో ఊది కన్నులు మండించుకొనుట, మసి గిన్నెలు తోముట, ఇన్ని గడియలు మిగిలినవి. మిగిలినవని అందఱును అందురు. మిగులు ఎక్కడ జమ పడినది?

దీనికి సమాధానము ప్రభుత్వపు లెక్కలలోనే కలదు. కేంద్ర గణాంక కార్యాలయమువారు 2019లో మొట్టమొదటిసారి దేశమంతట, మఱల 2024లో, ఎవరు ఏ పనికి ఎంత కాలము వెచ్చించుచున్నారో అడిగి వ్రాసికొనిరి. జీతము లేని ఇంటిపనికి, ఆ పనిలో పాల్గొన్న స్త్రీ 2019లో దినమునకు 299 నిమిషములు, పురుషుడు 97 నిమిషములు ఖర్చు పెట్టినట్లు తేలినది. 2024లో స్త్రీకి 289, పురుషునకు 88. గడియలలోనికి మార్చినచో ఇటీవలి లెక్క ఇట్లు: ఆమెకు పండ్రెండు గడియలు, ఆయనకు నాలుగింటికి తక్కువ. అదియైనను ఇంటిపనిలో చేయి పెట్టిన పురుషుల లెక్క. 2019 గణనమున అట్టివారు నూటికి ఇరువదియాఱుగురు మాత్రమే. స్త్రీలో, నూటికి ఎనుబదియొక్కరు. అయిదేండ్లలో ఆమెకు మిగిలినది పది నిమిషములు, అనగా అరగడియ కూడ లేదు. ఆయనకును తొమ్మిది నిమిషములు తగ్గినవి. యంత్రములు ఇద్దఱికిని సమముగా సాయపడినవని సంతోషించువారు సంతోషింపవచ్చును.

యంత్రము వచ్చిన యింట పని పోదు, రూపు మార్చుకొనును. ఫ్రిజ్జి వచ్చినందున నిన్నటి కూర నేడు పనికివచ్చునని తలచిరి. అట్లుగాక నేటి పచ్చడి, రేపటి పిండి, ఎల్లుండి పులుసు కూడ ఆమె నేడే తలపెట్టవలసి వచ్చెను. బట్టలుతుకు యంత్రము వచ్చినందున నాలుగు దినములకొకసారి ఉతికిన చొక్కా దినదినము ఉతుకునకు వచ్చుచున్నది. పైగా యంత్రములు పాడగును. బాగుచేయువాడు పట్టణమున నుండును.

నేటి పల్లెయింట రాత్రి ఏడు గంటల వేళ ఎట్లుండునో అందఱును ఎఱిగినదే. ముందుగదిలో టెలివిజను మ్రోగుచుండును. సీరియలు ఆమెకు ప్రీతి. క్రికెట్టు ఆయనకు ప్రీతి. పదునైదేండ్ల క్రిందట రిమోటు కొఱకు తగవు. ఆమె సీరియలు చూచుటయు చూచుట కాదు: కొంత వంటయింటి గడపకడ నిలువబడి, కొంత వెల్లుల్లి వలచుచు, తక్కినది పోపు చిటపటలనడుమ చెవితో. కథానాయిక అత్తమామలచే బాధపడు ఘట్టము వచ్చినప్పుడే పాలు పొంగును. ఆయన మాత్రము కుర్చీలో కూర్చుండి కన్నుతోను మనస్సుతోను చూచును. ఐనను ఆ తగవులో ఒక సుగుణముండెను. తగవులాడుటకు ఇద్దఱును ఒక్క గదిలో నుండవలెను. ఆయన సీరియలులోని అత్తను తిట్టెడివాడు, ఆమె బంతి వేసినవానిని తిట్టెడిది. వలదన్నను ఒకరి కథ ఒకరికి తెలియుచుండెను.

2016 సెప్టెంబరు పిదప సెల్లుఫోనులో ఇంటర్నెట్టు చవుకయైనది. 2017 డిసెంబరులో ఆరంభమైన రాష్ట్ర ఫైబరునెట్టు నెలకు 149 రూపాయలకే టెలివిజను, టెలిఫోను, ఇంటర్నెట్టు మూడును ఇంటికి తెచ్చెదమన్నది. చేతికొక్క తెర వచ్చినది. రిమోటు తగవు నాటితో తీరిపోయినది. ఆయన మంచము మీద నొకవైపునకు తిరిగి చేప కూర వండువానిని చూచుచుండును. ఆమె, కూర వండి, గిన్నెలు తోమి, పది గంటలకు వచ్చి వేఱొకవైపునకు తిరిగి చీరెలు చూచుచుండును. అంతకుముందు వంటయింటినుండి “కూడు సల్లారిపోతంది, నెగవయ్యా” అని మూడుసార్లు కేక. “వస్తన్నానే, ఒక్క నిముసం” అని మూడుసార్లు బదులు. ఆ నాటి సంభాషణము అంతటితో సరి.

ఈ చిన్నతెరకును తక్కిన వినోదములకును ఒక పెద్ద భేదమున్నది. హరికథకు మంగళహారతి కలదు. తూర్పు భాగవతము తెల్లవాఱిన నిలుచును. సీరియలైనను “తరువాయి రేపు” అని ఆనాటికి విడుచును. చేతిలోని తెరకు మంగళము లేదు. ఒక దృశ్యము ముగియకముందే మఱొకటి తనంత తాను వచ్చి నిలుచును. చూచినవాడు దేనికడ ఎంతసేపు ఆగెనో లెక్కించి, అట్టిదే మఱియొకటి వడ్డించు యేర్పాటు దానిలోపలనే కలదు. చూచువాని గడియలే దాని రాబడి. ఇంత నిక్కముగా చిట్టా వ్రాయు గుమాస్తా ఏ జమీందారీ కచ్చేరిలోను లేడు. ఇంటివారు మాత్రము తమ చిట్టా వ్రాసికొనరు.

జూదము సంగతి కొంచెము చెప్పవలెను. నన్నయ భట్టారకుడు అరణ్యపర్వమున చెప్పిన నలోపాఖ్యానమున నలుడు పుష్కరునితో నెలలతరబడి జూదమాడగా, మంత్రులు వచ్చిరి, పౌరులు వచ్చిరి, దమయంతి వచ్చి యేడ్చినది, నలుడు తలయెత్తలేదు. అంతయు నశించునని యెఱిగిన దమయంతి ముందుగానే బిడ్డలను రథమెక్కించి పుట్టింటికి పంపినది. ఇంటి లెక్క తెలిసిన ఇల్లాలి పని యది. నలుని జూదము అందఱి యెదుట సాగినది గావున నలుగురు వచ్చి వలదనగలిగిరి. దుప్పటిలో సెల్లు వెలుతురున ఆడు రమ్మీని ఏ మంత్రి చూచును? భార్యకు తెలియునది అప్పులవాడు గుమ్మమెక్కిన నాడే. ఆంధ్రప్రదేశ ప్రభుత్వము 2020 సెప్టెంబరులో ఇట్టి పందెపు టాటలను నిషేధించినది. 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికి శాసనము చేసినది. శాసనము ఆటను ఆపవచ్చును. తనఖా పెట్టిన పుస్తెలతాడును విడిపింపదు.

ఇంతమాత్రమున సెల్లుఫోనును సముద్రములో పాఱవైచుటయే మేలని తీర్మానింపరాదు. సముద్రపు మాట వచ్చినది గనుక మత్స్యకారుల సంగతి చూడుడు. ఈ జిల్లాల తీరమునుండి వందలకొలది కుటుంబముల మగవారు ఏటేట గుజరాతులోని వేరావలు రేవునకు పోయి నెలలకొలది పరుల బోటులలో పని చేయుదురు. 2018 నవంబరులో అట్లు వేటకు పోయినవారిలో కొందఱు సరిహద్దు దాటిరని పాకిస్తానువారికి చిక్కి, కరాచీ చెఱసాలలో పదుమూడు నెలలకు పైగా నుండి, 2020 జనవరిలో వాఘా సరిహద్దున విడుదలైరి. ఈ వృత్తాంతము ఆధారముగా 2025లో ‘తండేల్’ అను చలనచిత్రము వచ్చుటయు అందఱును ఎఱుగుదురు. అట్టి యిళ్ళలో భర్త యనగా సంవత్సరములో చాలనెలలు సెల్లుఫోనులోని ముఖమే. బోటు రేవు చేరిన నాటి రాత్రి ఆమె పొయ్యిప్రక్కన ఫోనును డబ్బాకానించి నిలిపి వంట చేయుచుండ, ఆయన అచ్చటనుండి ఏమి కూర యని యడుగును. బిడ్డ దంతము ఊడినది చూపును. కాళిదాసుని యక్షుడు మేఘమును బతిమాలుకొని పంపిన సందేశము అలకాపురి చేరినదో లేదో కావ్యము చెప్పదు. వేరావలు సందేశము క్షణములో చేరుచున్నది, ప్రత్యుత్తరము వచ్చుచున్నది. వేయిమైళ్ళ దూరమున నున్న దంపతులు ఒక్క తెరముందు కూర్చుండి ఒక్క కూర గూర్చి మాటలాడుచుండగా, ఒక్క మంచము మీది దంపతులు రెండు తెరలముందు రెండు లోకములలో నున్నారు. తప్పు తెరది కాదనుటకు ఇంతకంటె సాక్ష్యమక్కఱలేదు.

2018 అక్టోబరు 11వ తేదీన తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినప్పుడు ఉద్దానమున కొబ్బరి, జీడితోటలు నేలగూలినవి, విద్యుత్తు దినములతరబడి లేదు. తెరలన్నియు ఆరిపోయి దంపతులు చీకటిలో కూర్చుండి మాటలాడుకొనిరని ఆ దినములను ముచ్చటగా చెప్పువారు కలరు. మాటలాడుకొన్నది నిజమే కావచ్చును. పెంచిన చెట్లు పోయినవాని మాటలు ఎట్టివో ఊహింపవలెను. మోటారు ఆగినందున బిందె యెత్తుకొని నీటికి బయలుదేరినది మఱల ఆమెయే. కరెంటు పోయిన యింట మొదట తిరిగివచ్చినది పాత సంభాషణము కాదు, పాత బరువు.

కావున పని యంత్రముల మీద గాక పద్దుల మీద చేయవలెను. ఒక్క వారము దంపతులిద్దఱును కాగితము మీద తమ తమ అఱువది గడియలు వేఱువేఱుగ వ్రాసికొని, ఆదివారమునాడు కాగితములు మార్చుకొని చదివినచో చాలును, ఉపన్యాసముల అవసరముండదు. ఆమె పద్దులో సీరియలని వ్రాసినచోట వెల్లుల్లి కూడ వ్రాయవలెను.

గ్రంథాలయమునకును దీనిలో భాగమున్నది. సామాన్యముగా పల్లె గ్రంథాలయములు సాయంకాలము తెఱచుచుందురు. అది పురుషుల విరామవేళ, స్త్రీలకు వంటవేళ. ఇరువదియైదేండ్లుగా చందాదారులలో స్త్రీలు తక్కువయేల యని విచారించు కార్యవర్గమువారు ముందు గడియారము చూడవలెను. మధ్యాహ్నము రెండు గంటలనుండి నాలుగు గంటల వఱకు వారమునకు మూడు దినములైనను తలుపు తీసి యుంచినచో, చింతపండు పిక్కలు తీయువేళ ఒకామె చదువగా నలుగురు వినవచ్చును. ఇంటికొక్క చందా ఆయన పేరిటనే ఉండు వాడుక మాని, ఆమె పేరిటను కార్డు వ్రాయవలెను.

ఏమి చదువవలెనను ప్రశ్న వచ్చును. ఈ ప్రాంతము కథలకు పుట్టినిల్లు. విజయనగరము గురజాడ వారిది, చాసో గారిది. కాళీపట్నం రామారావు మాస్టారు 1997 ఫిబ్రవరిలో శ్రీకాకుళమున కథానిలయము స్థాపించి తెలుగు కథలన్నింటికి ఒక్క ఇల్లు కట్టిరి. 2021లో వారు గతించినను ఆ యిల్లున్నది. చిన్నకథ యొకటి బిగ్గఱగా చదువుటకు గడియయో గడియన్నరయో పట్టును. ప్రకటనలతో కూడిన సీరియలు భాగమునకు మించదు. రాత్రి గిన్నెలు తోమువేళ ఆయన ఆ కథను చదివి వినిపింపవచ్చును, లేదా ఆయన గిన్నెలు తోమగా ఆమె చదువవచ్చును. రెండవ పద్ధతి వలన గణాంక కార్యాలయమువారి 88 నిమిషములు కొంచెము పెరుగును. కథ నచ్చినను నచ్చకున్నను ఇద్దఱి చెవులలోను ఉన్నది ఒక్కటే యగును.

ప్రయోగార్థము రాబోవు కార్తికమాసము చాలును. గురజాడ, చాసో, కారా కథల సంపుటములు బీరువా అడుగునుండి తీసి ముందు వరుసలో నుంచవలెను. పెద్ద యక్షరముల ప్రతులు వేఱుగా పెట్టవలెను. వత్తి సన్నగిల్లిన దీపముల వద్ద కన్నులు పాడుచేసికొన్న తల్లులు ఊరిలో చాలమంది కలరు. మధ్యాహ్నవేళ తలుపు తీయుటకు తాళము ఎవరికడ నుండునో నేటి సభ ముగియకమునుపే కార్యదర్శిగారు ప్రకటింతురు గాక.